కరెంటుకు కొదవ లేదు, పేచీ అంతా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌తోనే

హన్మకొండలో కరెంటు బండి కొన్నవాడికి రెండు ప్రశ్నలు తప్పవు. మొదటిది చాయ్ బండి దగ్గర ఎదురవుతుంది: "అన్నా, అందరూ గివే కొంటే కరెంటు యాడికెళ్ళి తెస్తరే?" రెండోది ఆఫీసులోనో, పెళ్ళి విందులోనో వస్తుంది, అందులో కాస్త వెక్కిరింత కూడా ఉంటుంది: "నీ బండికి పొగ రాదు సరే, రామగుండం పొగగొట్టం సంగతేంటి?"

రెండూ అడగదగ్గవే. రెండింటికీ లెక్కలతో జవాబు చెప్పొచ్చు. నాకు చిరాకల్లా ఏమిటంటే, వాదన ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. ఆ కరెంటు ఏ వేళకు కాలుతుంది, ఎవరి ట్రాన్స్‌ఫార్మర్ మీద కాలుతుంది అన్నది ఎవరికీ పట్టదు. మన దగ్గర కరెంటు బండ్ల భవిష్యత్తు తేలేది మాత్రం అక్కడే.

ముందు పొగ సంగతి చూద్దాం. మనది బొగ్గు సీమ, దాచేదేం లేదు. రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషన్ 2,600 మెగావాట్లు. దాని పక్కనే రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కోసం కట్టింది 1,600. జైపూర్‌లో సింగరేణిది 1,200. చెల్పూరులో కాకతీయ థర్మల్ 1,100. మొత్తం 6,500 మెగావాట్లు. వరంగల్లో పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు అన్నీ చూసి రావచ్చు. దేశం మొత్తం మీద కూడా కరెంటులో నూటికి డెబ్బై పాళ్ళకు పైగా బొగ్గుదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం గ్రిడ్‌లో, అంటే దేశమంతా అల్లుకున్న కరెంటు తీగల వలలో, ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది.

ఇప్పుడు బండి లెక్క. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్ మన రోడ్ల మీద, మన గుంతల్లో తొంభై కిలోమీటర్ల దాకా వస్తుంది. ఛార్జర్‌లో పోయేది, తీగల్లో పోయేది కలుపుకుంటే నాలుగు యూనిట్లు అనుకుందాం. అంటే కిలోమీటరుకు 32 గ్రాములు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటర్ కిలోమీటరుకు 50 గ్రాములు దాటుతుంది. బ్యాటరీ తయారీలో వచ్చే కాలుష్యం వేరే ఉంది, అది బండి తిరిగిన కొద్దీ తీరే అప్పు. కాబట్టి బొగ్గు కరెంటుతో నడిచినా కరెంటు బండే మెరుగు. పెట్రోలు ఇంజిన్ తాగిన దాంట్లో ముప్పాతిక భాగం ఉత్త వేడిగా పోగొడుతుంది, అందుకే అంత తేడా. అయినా "జీరో పొల్యూషన్" అని బండి మీద స్టిక్కర్ వేసుకుని తిరగడం నాకు నచ్చదు. హన్మకొండ చౌరస్తాలో పొగ తగ్గుతుంది, నిజమే. గోదావరిఖనిలో బూడిద తగ్గదు. మన ఊపిరికి అయ్యే ఖర్చు అక్కడివాళ్ళు కడుతున్నారని గుర్తుంటే చాలు.

ఇక "కరెంటు యాడికెళ్ళి తెస్తరు" అన్న ప్రశ్న. రాష్ట్రంలో పది లక్షల కరెంటు స్కూటర్లు తిరుగుతున్నాయని అనుకుందాం. ఒక్కోటి రోజుకు ఒక యూనిట్ తాగినా పది లక్షల యూనిట్లు. ఎండాకాలంలో తెలంగాణ ఒక్క రోజులో 30 కోట్ల యూనిట్లకు పైగా కాలుస్తుంది. అంటే పది లక్షల బండ్ల వాటా నూటికి అర పాలు కూడా కాదు. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లో కాళేశ్వరం వాళ్ళ గాయత్రి పంప్‌హౌస్ ఉంది, అక్కడ ఒక్క మోటారే 139 మెగావాట్లు. అలాంటివి ఏడు. అవి నడిపించిన రాష్ట్రం స్కూటర్లకు భయపడటం ఏమిటి?

కానీ అదే లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. ఆ పది లక్షల మందీ డ్యూటీ దిగి, అన్నం తిని, రాత్రి తొమ్మిదింటికి బండికి ఛార్జింగ్ పెట్టారు. ఒక్కో ఛార్జర్ ముప్పావు కిలోవాటు. అన్నీ కలిస్తే ఆ ఒక్క గంటకు 750 మెగావాట్లు. రామగుండం కొత్త స్టేషన్‌లో కరెంటు పుట్టించే ఒక్కో యంత్రం 800 మెగావాట్లు. అర పాలు కూడా లేని వాడకం కోసం దాదాపు అలాంటి ఒక యంత్రం మొత్తం సిద్ధంగా పెట్టుకోవాలి. రోజు మొత్తానికి చూస్తే పిడికెడు కరెంటు, అదే గంటకు చూస్తే ఒక పవర్‌హౌస్.

ఈ విషయం వరంగల్ చుట్టుపక్కల రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. వాళ్ళే నాకు చెబుతారు. మా ఊరు పరకాల వైపు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు విడతలవారీగా వచ్చేది, అందులో ఒక విడత రాత్రి. వచ్చిందాకా నమ్మకం లేదు, వచ్చాక ఉంటుందన్న నమ్మకం అంతకన్నా లేదు. చీకట్లో బాయి కాడికి పోయి పాము కరిచో, షాకు కొట్టో పోయినవాళ్ళు లేని ఊరు మా వైపు అరుదు. అందుకే ఆటో స్టార్టర్లు వచ్చాయి. స్టార్టర్ డబ్బాకు ఒక ఆకుపచ్చ మీట, ఒక ఎర్ర మీట ఉంటాయి కదా. ఆ డబ్బాకు ఇంకో చిన్న డబ్బా తగిలిస్తే, మూడు ఫేజులూ రాగానే ఆకుపచ్చ మీట తనంతట తానే నొక్కుకున్నట్టు మోటారు ఎత్తుకుంటుంది. రైతు ఇంట్లో పడుకోవచ్చు.

ఒక్క రైతు పెట్టుకుంటే తెలివి. అందరూ పెట్టుకుంటే? రాత్రి పదకొండింటికి కరెంటు వచ్చీ రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో ఎత్తుకునేవి. ఏ మోటారైనా లేచేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు గుంజుతుంది. వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయేది. కొన్ని మోటార్లు లేవలేక మూలుగుతూ కాలిపోయేవి. ఫ్యూజు కొట్టేస్తే అదృష్టం, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే కాలేది. అప్పుడు మోటారుకింత అని చందాలు వేసుకుని, కాలిపోయిన దాన్ని ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని రిపేరు షెడ్డుకు పోవడం, అది తిరిగి వచ్చేలోగా పొట్టకొచ్చిన వరి నెర్రెలు బారిన మడిలో నిలబడటం. ఇదంతా నా చిన్నప్పటి ఎండాకాలాల్లో మామూలు ముచ్చట.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. దాంతోపాటే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేశారు. ఎప్పుడంటే అప్పుడు కరెంటు ఉన్నప్పుడు వాటితో పనేముంది, ఉంచితే బోరు రాత్రంతా నడిచి భూగర్భ జలం తోడేస్తుందన్నది ప్రభుత్వం మాట. కొందరు తీశారు, కొందరు తీయలేదు. ఆ పథకం మంచిచెడ్డల మీద వేరే పెద్ద పంచాయితీ ఉంది, ఇక్కడ దాని జోలికి పోను. నాకు కావాల్సింది ఒక్కటే. మోటార్లు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. అయినా అందరూ ఒకే క్షణంలో ఎత్తుకోవాల్సిన అవసరం పోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ దెబ్బ తగ్గింది. మా కాక అయితే పొద్దున టిఫిన్ చేసి తీరిగ్గా పోయి మీట నొక్కుతాడు.

ఇప్పుడు పట్నంలో మనం కొంటున్న ప్రతి బండీ ఒక ఆటో స్టార్టర్‌తో వస్తోంది. ప్లగ్గు పెట్టగానే లాగడం మొదలు.

మా సందు మొగన 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రెండు స్తంభాల నడుమ, మనిషి ఎత్తుకు పైన. ట్యాంకు పక్కన నూనె కారి, దాని మీద దుమ్ము పట్టి నల్లగా గట్టిపడిన చారికలు. కింద ఫ్యూజు డబ్బా తలుపు వేసి ఉండగా నేను చూడలేదు. లోపల తెల్ల పింగాణీ ఫ్యూజుల్లో ఒకదానికి వేలెడు మందం తీగ చుట్టి ఉంటుంది, అంటే అది ఇక ఫ్యూజు కాదన్నమాట. చలికాలంలో దాని కింద నిలబడితే సన్నగా ఝుమ్మని వినిపిస్తుంది. మే నెలలో రాత్రి పది దాటాక అదే చప్పుడు బొంగురు పోతుంది. ఇంటింటికీ ఏసీలు వచ్చాయి మరి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటిన్నర కిలోవాటు లాగుతుంది. 100 కేవీఏ అంటే పని చేసే లెక్కలో తొంభై కిలోవాట్లు. అరవై ఏసీలకే సరి.

స్కూటర్లు దీన్ని పెద్దగా ఇబ్బంది పెట్టవు. కార్లు పెడతాయి. ఇంట్లో గోడకు బిగించే ఛార్జర్ ఏడు కిలోవాట్లు లాగుతుంది, అంటే నాలుగైదు ఏసీల పెట్టు. మన ఇళ్ళలో చాలావాటికి శాంక్షన్ లోడు, అంటే ఆ ఇంటికి మంజూరైన కరెంటు, ఒక కిలోవాటో, రెండో రాసి ఉంటుంది. ఏడు కిలోవాట్ల డబ్బా బిగించేముందు లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. పెడితే డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి. అందుకని పెట్టరు. మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో ఒకాయన మొదటి అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వదిలి కారుకు ఛార్జింగ్ పెట్టేవాడు. ఒకరోజు ప్లగ్గు ఊడబీకితే రాలేదు. పవర్ ప్లగ్గు మూడు కాళ్ళలో ఒకటి సాకెట్టుకు కరిగి అతుక్కుంది. తెల్ల ప్లాస్టిక్ చుట్టూ గోధుమ రంగు వలయం, చేపల వాసనలాంటి ఒక రకం కమురు వాసన. ఆయన చేసిందేమిటంటే, సాకెట్ మార్చి అదే వైరు మళ్ళీ వదిలాడు.

ఒక సందులో పదిమంది ఇలాంటి కార్లు కొని, మే నెలలో రాత్రి పదింటికి అందరూ పెడితే డెబ్బై కిలోవాట్లు. రామగుండంలో ఎన్ని యంత్రాలు తిరిగినా ఆ రాత్రి మా సందులో చీకటే.

అందుకే "గ్రిడ్ కుప్పకూలుతుంది" అన్న వాట్సాప్ భయం నాకు గురి తప్పినట్టు అనిపిస్తుంది. మన దగ్గర పెద్ద గ్రిడ్ గట్టిది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకట్లో పడింది, రెండో రోజు అరవై కోట్ల మందికి పైగా కరెంటు పోయింది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉంది కాబట్టి మనకు అంటలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ దేశం గ్రిడ్‌లో కలిశాం. ఆ తర్వాత పెద్ద పరీక్ష 2020 ఏప్రిల్ 5న వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు గుర్తుందా? ఆ కాసేపట్లో దేశంలో డిమాండు 31 వేల మెగావాట్లు పడిపోయి మళ్ళీ లేచింది. ఇంజినీర్లు జలవిద్యుత్ కేంద్రాలను ఎక్కిస్తూ దించుతూ నిలబెట్టారు. 50 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 49.7కూ 50.26కూ మధ్య ఊగి, చెదరకుండా నిలబడింది. ముందే తెలిసిన ఊపు కాబట్టి కాచుకున్నారు. అంత పెద్ద యంత్రాంగం అంత బాగా పనిచేస్తూ, చివరి అరకిలోమీటరు దగ్గర వేలెడు తీగ చుట్టిన ఫ్యూజు మీద ఆధారపడటం మన విడ్డూరం.

ఇక సోలార్. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్లాంటు 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. 100 మెగావాట్లు, 500 ఎకరాల నీటి మీద. అప్పటికి దేశంలో అంత పెద్దది లేదు. నీళ్ళ మీద ప్యానెళ్ళు చల్లగా ఉంటాయి, కింద నీళ్ళు అంతగా ఆవిరి కావు, భూమి సేకరణ గొడవ లేదు. మంచి ఆలోచన. అయితే అది రోజంతా ఎండ కాసినా పుట్టించేది ఐదు లక్షల యూనిట్ల చిల్లర. దాని ఒడ్డునే ఉన్న పాత థర్మల్ స్టేషన్ నిండుగా నడిస్తే అన్ని యూనిట్లు పావుగంట లోపే ఇచ్చేస్తుంది, అదీ రాత్రి కూడా. ఈ తేడా చూపించి సోలార్ దండగ అనేవాళ్ళున్నారు. నేననను. మన రాష్ట్రంలో పెద్ద డిమాండు ఎండలు ముదిరే మే నెలలో కాదు, యాసంగి వరి నీళ్ళు అడిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. మోటార్లు నడిచేది పగలు, ఎండ కాసేదీ పగలే. మడిలో నిలిచిన నీళ్ళే బ్యాటరీ. సోలార్‌కు ఇంతకన్నా అచ్చొచ్చిన ఖాతాదారు ఎక్కడ దొరుకుతాడు?

చిక్కంతా సాయంత్రం ఆరు తర్వాత. పొద్దు వాలేసరికి సోలార్ పోతుంది, ఇళ్ళలో లైట్లు, టీవీలు, ఏసీలు లేస్తాయి. మధ్యాహ్నం తగ్గించి ఉంచిన బొగ్గు స్టేషన్లను అప్పుడు గబగబా ఎక్కించాలి. వాటిని 55 శాతం దాకా తగ్గించి నడపాలని ఇప్పుడు నియమం. బొగ్గు బాయిలర్ అలా ఎక్కడానికీ దిగడానికీ పుట్టలేదు, ప్రతి ఊపుకూ దాని గొట్టాలు కాస్త అరుగుతాయి. శ్రీశైలం ఎడమగట్టులో నీటిని వెనక్కి తోడి దాచుకునే యంత్రాలున్నాయి, 900 మెగావాట్లు. అలాంటివి ఇంకా కావాలి. అంతదాకా, ఆరుకూ పదకొండుకూ మధ్య బండికి ఛార్జింగ్ పెట్టేవాడు సోలార్ యుగంలో ఉన్నానని అనుకుంటూ బొగ్గు కాలుస్తున్నట్టు. అందులో నేనూ, మీరూ, అందరమూ ఉన్నాం. పగలు బండి ఆఫీసు ముందు ఎండలో ఉంటుంది, ఛార్జరేమో ఇంట్లో ఉంటుంది. మరేం చేస్తాం?

ఇక్కడ ప్రభుత్వాల మీద నాకో ఫిర్యాదు ఉంది. 2024 నవంబర్‌లో తెచ్చిన కొత్త విధానం ప్రకారం రాష్ట్రంలో కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. బాగుంది. బండి కొనేదాకా చెయ్యి పట్టుకుని నడిపించారు. కొన్నాక ఎప్పుడు ఛార్జింగ్ పెట్టాలో చెప్పే ధర ఏదీ? పగటి సోలార్ వేళల్లో కనీసం 20 శాతం తక్కువ ధర, సాయంత్రం వాడకం బాగా పెరిగే వేళల్లో ఎక్కువ ధర ఉండాలని కేంద్రం 2023లోనే నియమాలు మార్చింది. ఇళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి అన్నారు, అదీ స్మార్ట్ మీటర్ ఉంటేనే. మా ఇంటి మీటరు ఎన్ని యూనిట్లో చెబుతుంది, ఎప్పుడు కాల్చామో దానికి తెలియదు. మధ్యాహ్నం రెండింటి యూనిట్‌కూ రాత్రి తొమ్మిదింటి యూనిట్‌కూ ఒకే రేటైతే, రాత్రి రెండింటికి లేచి ప్లగ్గు పెట్టే పిచ్చివాడెవడు?

దీనికి తోడు గృహజ్యోతి. 200 యూనిట్ల లోపు కాలిస్తే బిల్లు సున్నా, అర్హత ఉన్న ఇంటికి అది పెద్ద ఊరట, నేను కాదనను. కానీ 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. నెలకు 180 యూనిట్లు కాల్చే ఇంట్లో స్కూటర్ చేరితే ఇంకో ముప్పై యూనిట్లు. 210. అంతే, సున్నా బిల్లు వెయ్యి దాటుతుంది. పెట్రోలు మిగిల్చిన డబ్బు సగం అక్కడే పోయింది. కరెంటు బండితో ఎక్కువ మేలు జరగాల్సింది రోజూ బండి మీదే బతికే డెలివరీ కుర్రాడికి, ఎలక్ట్రీషియన్‌కు, చీటీల వసూలుకు తిరిగే మనిషికి. ఈ గీత సరిగ్గా వాళ్ళ కాళ్ళకే అడ్డం పడుతోంది. బండి యూనిట్లకు వేరే లెక్క పెట్టి, పగలు కాలిస్తే చౌక అంటే రెండు పనులూ అవుతాయి. ఒక చిన్న సబ్‌మీటర్ ఖర్చు.

వానలప్పటి భయం కూడా ఒక మాట చెప్పాలి. 2023 జులైలో భూపాలపల్లి దగ్గర మోరంచ వాగు మోరంచపల్లి ఊరి మీద పడ్డప్పుడూ, వరంగల్ కాలనీల్లో నడుముల్లోతు నీళ్ళు నిలిచినప్పుడూ కరెంటు గంటలకొద్దీ లేదు. "అట్లాంటప్పుడు నీ బండి ఏమైతది?" అంటారు. నిజమే, ఛార్జింగ్ పెట్టలేం. అయితే పెట్రోలు బంకులో పంపు నడిచేదీ కరెంటుతోనే. అక్కడ జనరేటర్ ఉంటుంది, సందులో ఉండదు. అంతే తేడా. వాన ముసురు పట్టిందంటే రాత్రే బండి నింపి పెట్టుకోవడం నాకు అలవాటైంది. ఊళ్ళో ఆడవాళ్ళు కరెంటు పోకముందే డ్రమ్ములు నింపుకుంటారు కదా, వాళ్ళను చూసి నేర్చుకున్నదే.

నన్నడిగితే ఫాస్ట్ ఛార్జర్ల కన్నా ముందు పగటి ప్లగ్గులు కావాలి. హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ హైదరాబాద్ పోయే కారుకు కావాలి, ఉండనీయండి. మన బండ్లలో ఎక్కువ పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా కదలవు. కలెక్టరేట్లో, నిట్‌లో, కాకతీయ యూనివర్సిటీలో, ఎంజీఎం ఆసుపత్రి ఎదుట, ఎనుమాముల మార్కెట్ యార్డులో వందలకొద్దీ బండ్లు ఎండలో సీట్లు కాలిపోతూ నిలబడి ఉంటాయి. వాటికి కావాల్సింది మామూలు 15 ఆంపియర్ల సాకెట్టు, పైన రేకు, రేకు మీద ప్యానెళ్ళు. ఏడెనిమిది గంటల టైముంటే స్కూటర్‌కు ఫాస్ట్ ఛార్జర్ ఎందుకు? 2025లో మన వరంగల్ డిపోకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినప్పుడు వాటికోసం డిపోలో ప్రత్యేకంగా హైటెన్షన్ లైను, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఏర్పాటు చేయాల్సి వచ్చింది. బస్సుకు తప్పదు. స్కూటర్‌కు అంత హంగామా అక్కర్లేదు.

అవి వచ్చేదాకా నేను బండికి రాత్రి ఒంటిగంట దాటాక టైమర్ పెడుతున్నా. అప్పటికి సందులో ఏసీలు కొన్ని ఆగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఊపిరి ఆడుతుంది. అది బొగ్గు కరెంటే, తెలుసు. వచ్చే ఏడు డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు వేయిద్దామని ఉంది, కేంద్రం 78 వేల సబ్సిడీ ఇస్తోంది. వేయిస్తే మాత్రం పగలు నా ప్యానెళ్ళు పుట్టించే కరెంటు పక్కింటి ఏసీకి పోతుంది, నా బండేమో కాజీపేట స్టేషన్ పార్కింగ్‌లో ఖాళీగా ఎండుతుంటుంది. ఆ పార్కింగ్ కాంట్రాక్టరును ఒకసారి అడిగాను, ఇక్కడ నాలుగు సాకెట్లు పెడితే డబ్బులిస్తాం కదా అని. "బండికి ఇరవై ఎక్కువిస్తరా సారూ?" అన్నాడు. ఇస్తానన్నాను. పక్కనున్న ఇద్దరు కూడా ఇస్తామన్నారు. రైల్వే వాళ్ళను అడిగి చెప్తానన్నాడు.